33/11 కేవీ సబ్‌స్టేషన్ పని: కాంట్రాక్టర్‌తో గొడవ పడకుండా నాణ్యత రాబట్టడం ఎలా

విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కన్‌స్ట్రక్షన్ వింగ్‌లో కొత్తగా పోస్టింగ్ వచ్చిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు), థర్డ్ పార్టీ తరఫున సైటు చూసే కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "కాంట్రాక్టర్ మాట వినట్లేదు, ఏం చేయాలి?" దీనికి సీనియర్లు ఠక్కున చెప్పే జవాబు "బిల్లు ఆపు". బిల్లు ఆపితే కాంట్రాక్టర్ కంటే ముందు పని ఆగుతుంది, గ్యాంగు వేరే జిల్లాకు పోతుంది, పైనుంచి ఫోన్లు మాత్రం మీకే వస్తాయి. నేను చూసినంతలో పని శుభ్రంగా జరిగిన సైట్లలో రెండు సంగతులు తప్పకుండా కనిపించాయి: మట్టిలో కప్పే ప్రతి పనినీ కప్పకముందే ఎవరో నిలబడి చూశారు, ఆ వారం కొలతలు ఆ వారమే ఎం-బుక్‌లోకి (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం) ఎక్కాయి. ఈ రెండోదాన్ని నాణ్యతతో కలిపి ఎవరూ మాట్లాడరు కానీ అసలు కీలకం అక్కడే ఉంది. రెండు నెలల కొలతలు రాయకుండా పెండింగ్ పెట్టిన ఏఈ, కాంట్రాక్టర్ ఎదురుపడితే "ఈ ఫౌండేషన్ పగలగొట్టు" అనలేడు. మొహమాటం అడ్డొస్తుంది. పుస్తకం ఏ రోజుకారోజు రాసినవాడికి ఆ మొహమాటం ఉండదు.

కింద రాసినదంతా డిస్కం తరఫున పని చూసే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాశాను. మీరు కాంట్రాక్టర్ వైపు ఇంజినీర్ అయినా పనికొస్తుంది, అటునుంచి ఇటు చదువుకోండి.

మొదటి మెట్టు: సైటు అప్పగించే ముందు అగ్రిమెంటు చదవండి

నవ్వకండి, అగ్రిమెంటు పూర్తిగా చదివిన ఏఈలు తక్కువ. టెండర్ షెడ్యూలు చూస్తారు, రేట్లు చూస్తారు, మిగతా వంద పేజీలు బీరువాలోకి పోతాయి. గొడవలన్నీ ఆ వంద పేజీల్లోంచే పుడతాయి.

ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు గీయండి. డిపార్ట్‌మెంట్ ఇచ్చే సామాను ఏది, కాంట్రాక్టర్ తెచ్చేది ఏది, ఎవరు తేవాలో రాయనిది ఏది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్లు స్టోర్స్ నుంచి డిపార్ట్‌మెంట్ ఇస్తుందనుకుందాం. మరి వాటిని స్టోర్ నుంచి సైటుకు తెచ్చే రవాణా ఎవరిది, దించే క్రేను ఎవరిది, నూనె తక్కువైతే ఎవరు పోయాలి? మూడో వరుస నిండేకొద్దీ ముందు ముందు మీకు టెన్షన్ తప్పదని అర్థం. పని మొదలవకముందే ఆ వరుసలోని ప్రతిదానికీ డీఈ (డివిజనల్ ఇంజినీర్) గారి దగ్గర్నుంచి రాతపూర్వకంగా స్పష్టత తెచ్చుకోండి.

ఇంకోటి, నేల. ఎస్టిమేట్ వేసినప్పుడు మెత్తటి నేలని రాసి ఉంటుంది, తవ్వితే అనంతపురం వైపు రాయి తగులుతుంది, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి వస్తుంది. గవర్నమెంటు స్థలం అంటే చాలాచోట్ల చెరువు పక్కనో, ఎవరికీ పనికిరాని పల్లంలోనో ఇస్తారు. సైటు అప్పగించే రోజే కాంట్రాక్టర్ మనిషిని పక్కన పెట్టుకుని లెవెల్స్ తీయించి, ఇద్దరూ సంతకం పెట్టండి. మట్టి ఎంత నింపారన్న తగాదా తర్వాత వచ్చినప్పుడు ఆ ఒక్క కాగితమే దిక్కు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలుసుకుని, కంట్రోల్ రూము ప్లింత్ (పునాది గచ్చు మట్టం) దానికంటే పైన ఉందో లేదో డ్రాయింగ్‌లో చూసుకోండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు చేసిన పని చూశాక కూడా ఈ మాట ఎందుకు అని ఎవరూ అడగరనుకుంటా.

రెండో మెట్టు: అసలు పని చేసేది ఎవరో తెలుసుకోండి

కాగితం మీద ఒక సంస్థ ఉంటుంది, సైటులో ఇంకొకరు ఉంటారు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఆర్‌డీఎస్‌ఎస్ (విద్యుత్ పంపిణీ వ్యవస్థను బాగుచేసే పథకం) లాంటి పథకాల్లో ప్యాకేజీలు పెద్దవి కాబట్టి, పైన పెద్ద కంపెనీ, కింద జిల్లా స్థాయి సబ్ కాంట్రాక్టర్, ఆ కింద సివిల్ పనికి ఒక మేస్త్రీ, లైను పనికి ఇంకో గ్యాంగు అన్నమాట. మీరు పెద్ద కంపెనీకి రాసిన లెటర్ హైదరాబాద్ ఆఫీసులో ఫైలవుతుంది, మేస్త్రీకి అది అందనే అందదు.

అందుకని మొదటి మీటింగ్‌కు ముగ్గురూ రావాలని పట్టుబట్టండి: కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి, సబ్ కాంట్రాక్టర్, మేస్త్రీ. సైటులో మీ మాటకు బాధ్యుడు ఎవరో కంపెనీ చేత పేరుతో సహా లెటర్ తీసుకోండి. సబ్ కాంట్రాక్టర్‌ను పెట్టుకోవడానికి అగ్రిమెంటు ఒప్పుకుంటుందా, ఒప్పుకుంటే ముందస్తు అనుమతి కావాలా అనేది కూడా అప్పుడే తేల్చండి. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు, సూపర్‌వైజర్ పర్మిట్, కూలీల ఇన్సూరెన్సు కాగితాలు చూడండి. చూసి వదిలేయకుండా, గడువు తేదీలు మీ డైరీలో రాసుకోండి.

ఆ మీటింగ్‌లోనే ఒక మాట స్పష్టంగా చెప్పేయండి: "ఈ ఏడు చోట్ల నేను వచ్చి చూసేదాకా పని ముందుకు పోకూడదు. మీరు ఒక రోజు ముందు చెప్పండి, నేను రాకపోతే తప్పు నాది, నా కోసం పని ఆగిన గంటలు నా లెక్కలో రాసుకోండి." ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెబితే ఎవరూ నమ్మరు. కాంట్రాక్టర్లకు ఇన్‌స్పెక్షన్ అంటే కోపం ఉండదు, ఇన్‌స్పెక్షన్ కోసం కాంక్రీటు లారీ పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురుచూడటం అంటే కోపం.

ఇక్కడే ఇంకో చేదు మాట. డిపార్ట్‌మెంట్ వాహనం లేక చాలామంది ఏఈలు కాంట్రాక్టర్ కారులో సైటుకు వెళ్తారు. టీ తాగండి, ఎండలో మజ్జిగ ఇస్తే తాగండి, అందులో ఏమీ లేదు. కారు మాత్రం వద్దు. బైకు మీద వెళ్తే మీరు ఎప్పుడొస్తారో వాళ్లకు తెలియదు, అదొక్కటే పెద్ద లాభం.

మూడో మెట్టు: ఆగి చూడాల్సిన చోట్లు

అన్నిటినీ చూడాలనుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు. సబ్‌స్టేషన్‌లో నేను వదలనివి ఇవి: ఫౌండేషన్ గుంత అడుగు, కాంక్రీటు పోసే ముందు స్టీలు, బోల్టులు, మట్టి కప్పే ముందు ఎర్త్ మ్యాట్ (భూమిలో పరిచే ఇనుప పట్టీల వల) వెల్డింగ్, ఇసుక కప్పే ముందు కేబుల్ ట్రెంచ్, కేబుల్ ఎండ్ టెర్మినేషన్ (కేబుల్ కొసను పరికరానికి కలిపే పని), ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె నింపే ముందు, నింపాక, చివరగా రిలే (ఫాల్ట్‌ను గుర్తించి బ్రేకర్‌ను ట్రిప్ చేయించే పరికరం) ట్రిప్ టెస్టులు.

వీటిలో కాంక్రీటు దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మనం ఎలక్ట్రికల్ వాళ్లం, సివిల్ అంటే మనది కాదులే అని వదిలేస్తాం.

స్టీలు దిగగానే ఒక మీటరు ముక్క కోయించి కిరాణా కొట్టు తూకం మీద పెట్టండి. 12 ఎంఎం కమ్మీ మీటరు 0.888 కిలోలు, 16 ఎంఎం అయితే 1.58 కిలోలు ఉండాలి. ఐఎస్ 1786 ప్రకారం ఈ సైజుల్లో 5 శాతం అటూఇటూ ఉంటే ఫర్వాలేదు, అంతకంటే తక్కువ వస్తే ల్యాబుకు పంపి ఆ లాటు పక్కన పెట్టించండి. ఐదు నిమిషాల పని, పైగా మొదటి రోజే మీరు తూకం వేశారన్న కబురు సప్లయర్ దాకా పోతుంది.

నీళ్లు ఇంకో సంగతి. ఎం20 గ్రేడు ఆర్‌సీసీకి (కమ్మీలు వేసిన కాంక్రీటు) నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.55 దాటకూడదు, అంటే 50 కిలోల బస్తాకు 27.5 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. సైటులో జరిగేది వేరు. మిక్సర్ దగ్గర పైపు పట్టుకున్న కుర్రాడు మాలు జారుగా వచ్చేదాకా పోస్తూనే ఉంటాడు.

"నీళ్లు తగ్గిస్తే మాలు కదలదు సార్."

"వైబ్రేటర్ ఏది మేస్త్రీ?"

"రిపేరుకు ఇచ్చాం సార్, సాయంత్రానికి వచ్చేస్తది."

ఈ సంభాషణ ప్రతి సైటులో జరుగుతుంది. జవాబు కూడా ప్రతిసారీ ఒకటే ఉండాలి: సాయంత్రం వైబ్రేటర్ వచ్చాకే పోద్దాం. అరవక్కర్లేదు, నవ్వుతూనే చెప్పొచ్చు. పైపు తీసేయించి, కొలత ఉన్న బకెట్ పెట్టించండి.

క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు) మీ కళ్ల ముందే నింపించి, తడి మీదే తేదీ, ఫౌండేషన్ నంబరు గీయించి, మీ సంతకం చెక్కండి. ఐఎస్ 456 ప్రకారం 5 ఘనపు మీటర్ల దాకా ఒక శాంపిల్, 6 నుంచి 15 దాకా రెండు, 16 నుంచి 30 దాకా మూడు. శాంపిల్‌కు మూడు క్యూబులు, 7 రోజుల టెస్టు కావాలంటే దానికి అదనంగా. 150 ఎంఎం క్యూబు 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం చూపించాలంటే మిషన్ మీద 450 కిలోన్యూటన్లు మోయాలి. ఏడు రోజులకు అందులో మూడింట రెండొంతులు, అంటే 300 దరిదాపుల్లో రాకపోతే 28 రోజుల దాకా ఆగకుండా అప్పుడే మేల్కోవాలి, ఎందుకంటే ఆలోపు ఆ ఫౌండేషన్ మీద స్ట్రక్చర్ నిలబెట్టేస్తారు. నామినల్ మిక్సు 1:1.5:3 అయితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాలు పడతాయి. సాయంత్రం ఖాళీ బస్తాలు లెక్కపెడితే చాలు, పొద్దున నుంచి ఏం జరిగిందో అవే చెబుతాయి. క్యూరింగ్ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటు) 10 రోజులు. మే నెలలో గోనె సంచులు కప్పి తడపకపోతే ఆ రోజులకు అర్థం లేదు.

బోల్టుల దగ్గర టెంప్లేట్ (బోల్టులను కదలకుండా పట్టే చట్రం) లేకుండా కాంక్రీటు పోయనివ్వకండి. బోల్టు 10 ఎంఎం పక్కకు జరిగితే ఏం చేస్తారో తెలుసుగా, స్ట్రక్చర్ బేస్ ప్లేటు రంధ్రాన్ని గ్యాస్ కట్టర్‌తో వెడల్పు చేస్తారు. అక్కడ గాల్వనైజింగ్ కాలిపోతుంది, వెండి రంగు పెయింటు కొట్టి కప్పేస్తారు, రెండు వానాకాలాల తర్వాత తుప్పు ఎర్రగా కారుతుంది. 5 ఎంఎం, అంతకంటే మందం ఉన్న స్ట్రక్చర్ స్టీలుకు జింకు పూత చదరపు మీటరుకు 610 గ్రాములు ఉండాలి, మైక్రాన్లలో చెప్పాలంటే 86 దాకా. పూత మందం చూసే చిన్న మీటరు డివిజన్‌కు ఒకటి ఉన్నా చాలు, అడిగి తెచ్చుకోండి. విశాఖ, కాకినాడ, బాపట్ల లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది ఇంకా ముఖ్యం.

ఇక ఎర్త్ మ్యాట్. ఇది పూర్తిగా మట్టిలోకి పోయే పని కాబట్టి ఇక్కడే ఎక్కువ కక్కుర్తి జరుగుతుంది. ఫ్లాటు సైజు వెర్నియర్‌తో కొలవండి, 75×8 అని రాసి 6 ఎంఎం దించుతారు. వెల్డింగ్ నాలుగు వైపులా నిండుగా ఉందా, రెండు చుక్కలు పెట్టి వదిలారా చూడండి, స్లాగు (వెల్డింగ్ మీది పెంకు) కొట్టించాకే చూడాలి. వెల్డింగ్ మీద తారు పూయించి, టేపు పక్కన పెట్టి ఫొటో తీసి, అప్పుడు మట్టి. ప్రతి పరికరానికీ రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు దాని ఎర్త్ పిట్లు దానికి, లైట్నింగ్ అరెస్టర్లకు వాటి పిట్లు వాటికి. 33 కేవీ సబ్‌స్టేషన్‌కు మొత్తం రెసిస్టెన్స్ 2 ఓమ్‌ల లోపు ఉండాలనేది మన దగ్గర పాటించే లెక్క, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 5. రీడింగ్ తీసే రోజు రీడింగ్ తక్కువ రావాలని పిట్లు అంతకుముందే నీళ్లతో నింపి ఉంటాయి, అది కాంట్రాక్టర్ మీద ఉన్న ప్రేమతో చూసీచూడనట్టు ఊరుకోవాల్సిన విషయం కాదు. ముందు చెప్పకుండా ఎండిన రోజున ఇంకోసారి తీయండి. నల్లరేగడిలో అయితే ఎండాకాలం నేల పగుళ్లు ఇచ్చి పైపుకూ మట్టికీ మధ్య సందు వస్తుంది, వానాకాలపు రీడింగ్‌ను అస్సలు నమ్మొద్దు.

కేబుల్, లైను పని

ఐఎస్ 1255 ప్రకారం 11 కేవీ కేబుల్ 0.9 మీటర్ల లోతున, 33 కేవీ అయితే 1.05 మీటర్ల లోతున ఉండాలి. డ్రమ్ము మీంచి కోసిన కేబుల్ కొసకు క్యాప్ పెట్టారా అన్నది చూడండి. రాత్రి వాన పడితే నీళ్లు లోపలికి పోతాయి, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) రీడింగ్ ఒకవేళ బాగానే వచ్చినా ఏడాదిలో ఆ కొస పేలుతుంది. టెర్మినేషన్ చేసే జాయింటర్ ఎవరో ముందే కనుక్కోండి. మంచి జాయింటర్లు జిల్లాకు ఇద్దరు ముగ్గురే ఉంటారు, వాళ్లు దొరకలేదని గ్యాంగులో ఎవడో ఒకడు గ్యాస్ టార్చ్ పట్టుకుంటే వద్దనండి, ఒక రోజు ఆలస్యమైనా సరే.

లైను పనిలో స్తంభం గుంత. లెక్క తేలికే, స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలి, 9.1 మీటర్ల స్తంభమైతే 1.5 మీటర్లు. రాయి తగలగానే మీటరు దగ్గర ఆపేస్తారు. స్తంభం నిలబెట్టకముందే అడుగు నుంచి 1.5 మీటర్ల దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీయించండి, నిలబెట్టాక ఆ గీత నేలమట్టానికి రావాలి. ఎక్కడో రోడ్డు మీద వెళ్తూ కూడా చూడొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలు కుప్పలుగా పడ్డాయి, ఆ దెబ్బ తర్వాతే నగరంలో ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్ల పని చేపట్టారు. అంత గాలికి ఏ స్తంభమైనా పడొచ్చు, కానీ లోతు తక్కువున్న స్తంభం మామూలు ఈదురుగాలికే పడుతుంది.

తీగ లాగేటప్పుడు సాగ్ చార్టు (తీగ ఎంత వేలాడాలో చెప్పే పట్టిక) సైటులో ఉండాలి, ఆ రోజు ఎండను బట్టి చూసుకోవాలి. "కంటికి బాగుంది సార్" అనేది కొలత కాదు. రోడ్డు దాటే చోట 11, 33 కేవీ లైన్లకు నేల నుంచి 6.1 మీటర్లు, రోడ్డు వెంబడి 5.8.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని కోసం లైనులో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి) విషయంలో మాత్రం బేరాలు లేవు. లైన్ క్లియర్ తీసుకునేది డిపార్ట్‌మెంట్ మనిషే, గ్యాంగు మేస్త్రీ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి "అన్నా, పది నిమిషాలు ఆపు" అనడం కాదు. రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేశాకే ఎక్కాలి. ఊళ్లో జనరేటర్ల నుంచి వెనక్కి కరెంటు రావచ్చు, పక్కనే ఇంకో లైను ఉంటే ఇండక్షన్ వల్ల ఆపిన తీగలోనూ కరెంటు ఉంటుంది. ఎర్త్ రాడ్లు లేకుండా మనిషి పైన కనబడితే ఆ రోజుకు పని మొత్తం ఆపించి, సైట్ ఆర్డర్ బుక్‌లో రాసి, సంతకం తీసుకోండి. ఇదొక్కదానికే నేను గొంతు పెంచుతాను.

డబ్బు

కాంట్రాక్టర్ జేబు ఎలా నడుస్తుందో తెలియకుండా అతనితో పని చేయించలేరు. వంద రూపాయల పని చేస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ 1 లేదా 2 శాతం, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, భవన నిర్మాణ కార్మికుల సెస్ 1 శాతం కటింగ్, ఆ పైన అగ్రిమెంటులో రాసినంత రిటెన్షన్ (హామీగా ఆపి ఉంచే డబ్బు). సిమెంటు, స్టీలు కొట్టువాడు నెలకు మించి అప్పివ్వడు. కూలీలకు శనివారం ఇవ్వాల్సిందే. బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే వడ్డీకి తెచ్చిన డబ్బుతో పని నడుస్తుంది, ఆ వడ్డీని ఎక్కడోచోట రాబట్టుకోవాలి కదా. ఎక్కడ రాబడతాడు? సిమెంటు బస్తాల్లో, ఫ్లాటు మందంలో, క్యూరింగ్ కూలీలో.

కాబట్టి మీ చేతిలో ఉన్నంతవరకు ఇలా చేయండి. వారానికి ఒక రోజు ఎం-బుక్ రోజు పెట్టుకోండి. కాంట్రాక్టర్ మనిషిని పక్కన పెట్టుకుని కొలిచి, అక్కడే రాయండి. ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్) గారి చెక్ మెజర్‌మెంట్ (మీ కొలతలను మళ్లీ కొలిచి చూడటం) ఎప్పుడో ముందే అడిగి పెట్టుకోండి. పాసైన పనికి బిల్లు వెంటనే పంపండి, పాసవని ముక్కను మాత్రం పక్కన పెట్టండి. మొత్తం బిల్లు ఆపడానికీ, తేడా ఉన్న ఐటం ఒక్కటి ఆపడానికీ చాలా తేడా ఉంది. ఆరు ఫౌండేషన్లలో ఒకటి ఫెయిలైతే ఐదింటికి డబ్బు ఇచ్చేయండి. ఆ ఆరోదాన్ని పగలగొట్టమన్నప్పుడు అతను గొణుగుతూనే పగలగొడతాడు, ఎందుకంటే మీరు న్యాయంగా ఉన్నారని అతనికి తెలుసు, ఆ గ్యాంగుకు కూలీ ఇవ్వడానికి చేతిలో డబ్బూ ఉంది.

ఎక్స్‌ట్రా ఐటమ్స్ దగ్గర నోటిమాట నడపకండి. "చేసేయండి, తర్వాత చూద్దాం" అన్న మాట ఎంతమంది కాంట్రాక్టర్లను ముంచిందో, ఎంతమంది ఏఈలను ఆడిట్‌లో నిలబెట్టిందో లెక్కలేదు. షెడ్యూల్‌లో లేని పని వస్తే అదే వారం డీవియేషన్ ప్రపోజల్ (మార్పుకు అనుమతి కోరే కాగితం) పెట్టండి, అప్రూవల్ వచ్చేదాకా ఆ పని ఆపితే నష్టం లేదనుకుంటే ఆపండి. ఆపితే ప్రమాదం అనుకుంటే, ఉదాహరణకు గుంతలో నీళ్లు ఊరుతూ పక్కన గట్టు కూలేలా ఉంటే, అదే మాట రాసి మెయిల్ పెట్టి చేయించండి.

మాట తేడా వచ్చినప్పుడు

మొదట సైటులో నోటితో చెప్పండి. రెండోసారి సైట్ ఆర్డర్ బుక్‌లో రాయండి. మూడోసారి లెటర్. ఈ వరుస తప్పి మొదటిసారే షోకాజ్ లాంటి భాష వాడితే, అటువైపు కూడా లాయర్ రాసిన లెటర్లు మొదలవుతాయి. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టడం మంచిదే, తేదీ, లొకేషన్ పడేలా పెట్టమనండి. కానీ వాట్సాప్‌లో "ఓకే సార్" అన్నది రికార్డు అనుకోకండి, ఫోను మారితే పోతుంది.

లెటర్‌లో విశేషణాలు వద్దు. "మీ పని అత్యంత నిర్లక్ష్యంగా ఉంది" అని రాస్తే దానికి జవాబు "లేదు, చాలా బాగుంది" అని వస్తుంది, అంతే. దానికి బదులు "ఫలానా తేదీన ఫలానా గ్యాంట్రీ రెండో కాలు ఫౌండేషన్‌లో 12 ఎంఎం కమ్మీలు డ్రాయింగ్‌లో 8, సైటులో 6, ఇద్దరి సమక్షంలో లెక్కించాం, ఫలానా తేదీలోపు సరిచేసి మళ్లీ చూపించాలి" అని రాయండి. దీనికి ఎదురు జవాబు రాయడం కష్టం.

హిండ్రెన్స్ రిజిస్టర్ అని ఒకటి పెట్టండి, నిజాయితీగా రాయండి. డిపార్ట్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆలస్యంగా ఇచ్చిన రోజులు, రైతు అడ్డం పడి లైను ఆగిన రోజులు, ఎల్‌సీ ఇవ్వని రోజులు ఒకవైపు. గ్యాంగు రాని రోజులు, మిక్సర్ చెడిపోయిన రోజులు ఇంకోవైపు. పని గడువు దాటినప్పుడు పెనాల్టీ ఎంత, గడువు పొడిగింపు ఎంత అనే తగవు ఈ పుస్తకంతో పది నిమిషాల్లో తేలుతుంది. మన తప్పులు కూడా అందులో ఉంటాయి కాబట్టే కొందరు ఆఫీసర్లు దీన్ని పెట్టనివ్వరు.

లోకల్ లీడర్ ఫోన్ వస్తుంది, అది ఖాయం. "మనవాడే, కాస్త చూసుకోండి" అంటారు. వాదించకండి. "తప్పకుండా అండీ, టెస్టు రిపోర్టు రాగానే అదే రోజు బిల్లు పంపిస్తా" అని చెప్పండి, నిజంగానే పంపండి. మీరు లేటు చేయరని పేరు వస్తే ఆ ఫోన్లు సగం తగ్గుతాయి.

చార్జ్ చేసే (కరెంటు ఇచ్చే) ముందు

చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు అనుమతికి డ్రాయింగులతో ముందే దరఖాస్తు పెట్టుకోండి, చివరి వారంలో పరుగులు వద్దు. ప్రారంభోత్సవం తేదీ ఫిక్సయిందని టెస్టులు కుదించమంటారు, అక్కడ గట్టిగా ఉండాలి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీరే స్వయంగా చేతితో ముట్టుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రేడియేటర్ వాల్వులు పైనా కిందా తెరిచి ఉన్నాయా? రవాణాకు మూసినవి అలాగే వదిలేయడం చాలా మామూలు. అలా వదిలేస్తే లోడు ఎక్కాక టాప్ ఆయిల్ వేడెక్కుతూ ఉంటుంది, రేడియేటర్ మాత్రం చల్లగా ఉంటుంది. బ్రీదర్ (లోపలికి పోయే గాలిలోని తేమ పీల్చే డబ్బా) అడుగున సీలు తీశారా, సిలికా జెల్ నీలంగా ఉందా, కప్పులో నూనె ఉందా? బుకోల్జ్ రిలే (ట్రాన్స్‌ఫార్మర్ లోపల గ్యాస్ చేరితే హెచ్చరించే పరికరం) నుంచి, బుషింగుల నుంచి గాలి వదిలారా? నూనె శాంపిల్ కింది వాల్వు నుంచి తీయించండి, పైనుంచి తీస్తే మంచి రీడింగ్ వస్తుంది కానీ తేమ ఉండేది అడుగున. 2.5 ఎంఎం గ్యాప్ మీద బీడీవీ (నూనె తట్టుకునే వోల్టేజి) ఎంత రావాలో మీ స్పెసిఫికేషన్‌లో ఉంటుంది, ఫిల్టర్ చేసిన నూనెకు 60 కేవీ అడగడం మామూలు.

బ్రేకర్‌ను ప్యానెల్ మీద బటన్ నొక్కి ట్రిప్ చేసి "ఓకే సార్" అంటారు. అది టెస్టు కాదు. రిలేకు కరెంటు ఇంజెక్ట్ చేసి, రిలే పనిచేసి, బ్రేకర్ నిజంగా ట్రిప్ అవ్వాలి. బ్యాటరీ చార్జర్ ఆపేసి, బ్యాటరీ మీదే ఇంకోసారి చేయించండి, ఎందుకంటే ఫాల్ట్ వచ్చి సప్లై పోయినప్పుడు ఉండేది బ్యాటరీ ఒక్కటే. సీటీ (కరెంటు కొలవడానికి వాడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ ఎక్కడా ఓపెన్‌గా లేదని టెర్మినల్ టెర్మినల్‌కూ చూడండి.

లోడు ఇచ్చాక ఒక చిన్న లెక్క. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు పూర్తి లోడులో 33 కేవీ వైపు 87.5 ఆంపియర్లు, 11 కేవీ వైపు 262. అంటే ఎప్పుడు చూసినా 33 వైపు కరెంటు 11 వైపు దాంట్లో మూడో వంతు ఉండాలి. 11 వైపు 200 చూపిస్తూ 33 వైపు 67 దరిదాపుల్లో కాకుండా 130 చూపిస్తే సీటీ ట్యాపు తప్పు కలిపారు, లేదా మీటరులో రేషియో తప్పు పెట్టారు. రిలే కూడా అదే తప్పు కరెంటు చూస్తోందేమో వెంటనే చూడాలి. వారం లోపు సాయంత్రం పీక్ లోడులో థర్మల్ కెమెరాతో క్లాంపులన్నీ చూపించండి, వదులుగా ఉన్న జాయింటు అందులో దొరికిపోతుంది.

పని అయ్యాక

మిగిలిన చిన్న పనుల జాబితా చార్జ్ చేసిన రోజే ఇద్దరూ సంతకం పెట్టి రాసుకోండి. గేటు, పెయింటు, డేంజర్ బోర్డులు, యార్డులో కంకర, అన్నీ. గ్యాంగు వెళ్లిపోయాక ఒక్క బోర్డు కోసం మళ్లీ రారు.

డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ఎప్పుడు ముగుస్తుందో డైరీలోనే కాదు, ఆఫీసు గోడ మీద కూడా రాయండి, మీకు ట్రాన్స్‌ఫర్ అయినా తర్వాత వచ్చినవాళ్లకు కనబడాలి. వానాకాలం అయ్యాక ఒకసారి, ఏప్రిల్-మేలో ఒకసారి కాంట్రాక్టర్ మనిషిని పిలిచి తిరగండి. మొదటిసారి గ్యాస్కెట్ల దగ్గర నూనె చెమ్మ, కేబుల్ ట్రెంచ్ పక్కన కుంగిన మట్టి, గ్యాస్ కట్టర్ తగిలిన చోట తుప్పు. రెండోసారి ఎర్త్ రీడింగులు. కనబడినవి గడువుకు రెండు నెలల ముందే రాతపూర్వకంగా పంపండి, అప్పటికి ఆ కాంట్రాక్టర్ పక్క మండలంలో ఎక్కడో పని చేస్తూ ఉంటాడు, ఒక రోజు గ్యాంగును ఇటు పంపడం అతనికీ కష్టం కాదు. బ్యాంకు గ్యారంటీ ఆఖరు తేదీ లయబిలిటీ గడువు కంటే ముందు ఉందేమో అదే రోజు అకౌంట్స్ వాళ్లతో చూపించి, ఉంటే పొడిగింపు లెటర్ అప్పుడే పంపించండి.